లంకల్లో గట్టు వేసిన మౌలానా ఫరక్కాకి ఎందుకు నడిచాడు?

ఏటా మే 16న బంగ్లాదేశ్‌లో ఫరక్కా దినం అని జరుపుకుంటారు. 1976లో ఆ రోజున రాజ్‌షాహీ పట్నం నుంచి రైతులు, కూలీలు, జాలర్లు, విద్యార్థులు గంగానది మీద మన దేశం కట్టిన ఫరక్కా బ్యారేజి దిక్కుగా కాలినడకన బయల్దేరారు. వాళ్ళకి ముందు నిలబడ్డ మనిషికి అప్పటికి 95 ఏళ్ళు. అంతకు నెల రోజుల ముందే ఆస్పత్రి మంచం దిగి వచ్చాడు. లుంగీ, పొడుగు చొక్కా, నెత్తిన తాటాకు టోపీ. పేరు మౌలానా అబ్దుల్ హమీద్ ఖాన్ భాషానీ. ఎర్ర మౌలానా అని కూడా ఆయనకి పేరుంది.

ఆయన్ని భారత వ్యతిరేకి అని ఒక్క ముక్కలో తేల్చేసినవాళ్ళు మన దేశంలో చాలామంది ఉన్నారు. బంగ్లాదేశ్‌లోనేమో ప్రతి ప్రభుత్వమూ, ప్రతి పార్టీ తనకి కావలసినంత మేరకే ఆయన్ని వాడుకుంది. రైతు కూలీలు తెలుసుకోవలసిన భాషానీ ఈ ఇద్దరి భాషానీ కంటే పెద్దవాడు, తప్పులు కూడా ఎక్కువ చేసినవాడు. దేశాల సరిహద్దులు దాటి పారే నది మీద ఎవరి మాట చెల్లాలి, రాజధానిలో కూర్చున్న మంత్రిదా, ఇంజనీరుదా, ఒడ్డున బతికేవాడిదా అన్న ప్రశ్న ఆయన జీవితంలో మొదట్లోనూ వచ్చింది, ఆఖర్లోనూ వచ్చింది.

1880లో అప్పటి పాబ్నా జిల్లా సిరాజ్‌గంజ్ దగ్గర ధాన్‌గరా అనే పల్లెలో ఆయన పుట్టాడు. జమున ఒడ్డు ప్రాంతం అది. మన బ్రహ్మపుత్రనే అక్కడ జమున అంటారు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. తరవాత వచ్చిన అంటువ్యాధిలో ఇంట్లో వాళ్ళు కూడా పోయారు. దిక్కులేని పిల్లవాడిగా పెరిగాడు. దేవ్‌బంద్‌లో రెండేళ్ళు చదివి, 1909 ప్రాంతంలో టాంగాయిల్ దగ్గర కాగ్‌మారీలో బడిపంతులుగా చేరాడు. ఆ బడిపిల్లలు జమీందారు కౌలుదార్ల పిల్లలు. శిస్తుకి తోడు పెళ్ళికో పన్ను, పండగకో పన్ను, జమీందారు ఏనుగు కొన్నా గుర్రం కొన్నా రైతు నెత్తిన మామూలు పడే కాలం. దాని మీద వడ్డీ వ్యాపారి. పంతులు పాఠం చెప్పి ఊరుకోలేదు. ఖిలాఫత్, సహాయ నిరాకరణ రోజుల్లో కాంగ్రెసులో పనిచేసి జైలుకి పోయాడు. తిరిగొచ్చి సంతోష్ జమీందారు మీదికి రైతుల్ని కూడగట్టాడు. ఫలితం ఏమైందో మనకి తెలియని కథ కాదు. ఆయన ఆ ప్రాంతం వదిలి అస్సాం పోవలసి వచ్చింది.

అస్సాం పోయింది ఆయనొక్కడే కాదు. మైమన్‌సింగ్, పాబ్నా, రంగ్‌పూర్ జిల్లాల నుంచి భూమి లేని బెంగాలీ ముస్లిం రైతులు వేలూ లక్షలుగా బ్రహ్మపుత్ర వెంబడి పైకి పోయారు. తెల్లదొరల ప్రభుత్వం కూడా మొదట్లో వాళ్ళని రమ్మంది. అడవీ, రెల్లు దుబ్బులూ నరికి జనుము వేస్తే శిస్తు వస్తుంది కదా. వాళ్ళకి దొరికినవి ఎక్కువగా నది మధ్య లంకలు. వాటిని అక్కడ చర్ అంటారు. మన గోదావరి లంకల వాళ్ళకి ఆ బతుకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఈ ఏడు వేసిన ఒండ్రు పైఏడు ఉంటుందో లేదో తెలియదు. గుడిసె విప్పి పడవలో పెట్టుకుని ఇంకో లంకకి పోవడం వాళ్ళకి అలవాటైన పని.

ధుబ్రీ దగ్గర బ్రహ్మపుత్రలో భాషాన్ చర్ అని ఒక లంక. ఏటా వరదకి మునిగేది. ప్రభుత్వానికి అర్జీలు పెట్టి ఎదురు చూస్తే పని కాదని మౌలానా జనాన్ని పోగుచేశాడు. తలా ఒక చెయ్యి వేసి మట్టి మోసి అడ్డుగా కరకట్ట వేశారు. ఏటేటా వచ్చే మునక తప్పింది. ఆ కృతజ్ఞత కొద్దీ జనం ఆయన్ని ఆ లంక పేరుతో భాషానీ సాహెబు అన్నారు. అసలు పేరు వెనకపడి అదే నిలిచిపోయింది. ఆయన ఇంటి పేరు నది ఇచ్చిందనుకోవచ్చు, మట్టి మోసిన కూలీలు ఇచ్చారనుకోవచ్చు. ఆ లంకల్లోనే రైతు మహాసభలు పెట్టాడు. ఆయనకి పీరు అన్న గౌరవం కూడా ఉండేది. రోగం వచ్చినవాళ్ళు మంత్రించిన నీళ్ళ కోసం వచ్చేవాళ్ళు. ఆయన కాదనేవాడు కాదు. హేతువాదులకి ఇది నచ్చకపోవచ్చు. ఆ దారినే ఆయన పల్లెల్లోకి పోయాడన్నది మాత్రం నిజం.

అస్సాంలో లైన్ పద్ధతి అని ఒకటి 1920 నుంచి మొదలైంది. జిల్లా పటం మీద గీత గీసి, వలస రైతు ఈ గీత దాటి భూమి దున్నకూడదన్నారు. దీనికి వ్యతిరేకంగా భాషానీ పోరాడాడు. 1937లో ధుబ్రీ ప్రాంతం నుంచి అస్సాం శాసనసభకి ఎన్నికయ్యాడు. ముస్లిం లీగులో చేరి ఆ రాష్ట్ర శాఖకి అధ్యక్షుడయ్యాడు. గీత విషయంలో తన పార్టీ ముఖ్యమంత్రి సాదుల్లాతోనే తగువు పడ్డాడు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. గీత వలస కూలీకి అన్యాయమే. అయితే గీతకి అవతల ఉన్న అస్సామీ రైతుకీ, గిరిజనుడికీ తమ పశువుల బీళ్ళు, బంజర్లు పోతాయన్న భయం ఉత్తుత్తి భయం కాదు. టీ తోటల దొరలకి వేల ఎకరాలు కట్టబెట్టి, పేదల్ని మాత్రం గీతకి ఇటో జట్టు అటో జట్టు నిలబెట్టింది ప్రభుత్వం. ఇద్దర్నీ కలిపే జెండా కావలసిన చోట భాషానీ లీగు జెండా పట్టుకున్నాడు. భూమి తగాదా మతం తగాదాగా మారడంలో ఆయన పార్టీకి వాటా ఉంది. ఆ మంట అస్సాంలో ఆయన తరవాత కూడా ఆరలేదు. దేశ విభజన నాటికి ఆయన అస్సాం జైల్లో ఉన్నాడు. 1947 ఆఖర్లో, రాష్ట్రం వదిలిపోవాలన్న షరతు మీద విడుదల చేశారు. అలా ఆయన తూర్పు బెంగాల్ చేరాడు. నది అదే. మధ్యలో ఇంకో గీత వచ్చింది.

పాకిస్తాన్ కోసం పనిచేసిన మనిషికి పాకిస్తాన్ పాలకులేమిటో ఏడాది తిరక్కుండా అర్థమైంది. 1949 జూన్‌లో ఢాకాలో అవామీ ముస్లిం లీగు పెట్టినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడు ఆయనే. షేక్ ముజిబుర్ రెహమాన్ అప్పుడు జైల్లో ఉన్న యువ నాయకుడు. అదే ఏడు ఢాకాలో ఆకలి ఊరేగింపు తీసి భాషానీ జైలుకి పోయాడు. 1952 భాషా ఉద్యమంలో మళ్ళీ జైలు. 1954 ఎన్నికల్లో ఐక్య సంఘటన కట్టి ముస్లిం లీగుని తుడిచిపెట్టిన నాయకుల్లో ఆయనొకడు. 1955లో పార్టీ పేరులోంచి ముస్లిం అన్న మాట తీసేశారు. ధుబ్రీలో చేసిన తప్పుని అలా కొంత దిద్దుకున్నాడనిపిస్తుంది.

1957 ఫిబ్రవరిలో, తను బడిపంతులుగా పనిచేసిన కాగ్‌మారీలోనే మహాసభ పెట్టాడు. ప్రధాని సుహ్రావర్దీ తన పార్టీ వాడే. అయినా అమెరికా సైనిక ఒప్పందాల నుంచి బయటికి రావాలనీ, తూర్పు బెంగాల్‌కి స్వయంపాలన ఇవ్వకపోతే పశ్చిమ పాకిస్తాన్‌కి సలాం చెప్పి విడిపోవలసి వస్తుందనీ బాహాటంగా హెచ్చరించాడు. అంత తెగించి ఆ మాట అన్న పెద్ద నాయకుడు అప్పటికి ఇంకొకడు లేడు. ఆ జూలైలో విడిపోయి నేషనల్ అవామీ పార్టీ పెట్టాడు. బహిరంగంగా పనిచేసే వీలు లేని కమ్యూనిస్టులకి ఆ పార్టీ నీడనిచ్చింది. 1958లో అయూబ్ ఖాన్ సైనిక పాలన రాగానే పట్టుకుపోయి నాలుగేళ్ళ పాటు నిర్బంధించారు.

అరవయ్యో దశకం సంగతి త్వరగా చెప్పి ముందుకి పోతాను. 1963లో చైనా వెళ్ళి మావోని చూసి వచ్చాడు. చైనాతో స్నేహం చేస్తున్నాడన్న కారణంతో అయూబ్ మీద కొన్నాళ్ళు మెత్తబడ్డాడు. దాని ఖరీదు ఉద్యమం చెల్లించింది. 1967లో పార్టీ మాస్కో, పెకింగ్ చీలికల్లో రెండు ముక్కలైంది. మళ్ళీ 1968 ఆఖర్లో, 1969లో జనం లేచినప్పుడు ఆయన ముందు నిలిచాడు. పల్లెల్లో హాటు బజార్లు బందు, అధికార్ల ఘెరావులు, పట్నాల్లో ఊరేగింపులు. అయూబ్ దిగిపోయాడు. ఆ ఉద్యమంలో విద్యార్థులు పెట్టిన 11 కోర్కెల్లో వరద నివారణ కూడా ఒకటి. అక్కడ నీరు ఎంత పెద్ద రాజకీయమో దీన్నిబట్టి తెలుస్తుంది. 1970 నవంబరు 12 తుపానులో కోస్తా లంకల్లో లక్షలమంది కొట్టుకుపోయారు. ముసలాయన ఆ శవాల మధ్య తిరిగి వచ్చి, ఎన్నికల్లో పాల్గొనేది లేదన్నాడు, స్వతంత్రం తప్ప దారి లేదన్నాడు.

1971లో పాకిస్తాన్ సైన్యం సంతోష్‌లో ఆయన ఇల్లు తగలబెట్టింది. నది దాటి మళ్ళీ అస్సాం చేరాడు, పొమ్మన్న చోటికే. ప్రవాస బంగ్లాదేశ్ ప్రభుత్వానికి సలహా సంఘం పెట్టి ఆయన్ని అందులో పెద్దగా కూర్చోబెట్టారు. కాని మన ప్రభుత్వం ఆయన్ని స్వేచ్ఛగా తిరగనివ్వలేదు, కనిపెట్టుకుని ఉంచింది. రైతు నాయకుడు సరిహద్దు ఇవతల మన రైతుల్ని కలుసుకుని మాట్లాడే వీలు ఆ తొమ్మిది నెలల్లో ఉండవలసింది. లేకపోయింది. తరవాతి కథకి ఇది పనికొచ్చే సంగతి.

ఇప్పుడు ఫరక్కా దగ్గరికి వద్దాం.

గంగ బెంగాల్లోకి రాగానే రెండుగా చీలుతుంది. పెద్ద పాయ పద్మ అనే పేరుతో తూర్పుకి, బంగ్లాదేశ్‌లోకి పోతుంది. చిన్న పాయ భాగీరథి దక్షిణానికి వచ్చి హుగ్లీ అయి కలకత్తా మీదుగా సముద్రంలో కలుస్తుంది. చిన్న పాయలో నీళ్ళు తగ్గి కలకత్తా రేవు పూడుకుపోతోందన్నది పాత ఫిర్యాదు. గంగకి అడ్డంగా ఆనకట్ట వేసి హుగ్లీకి నీళ్ళు మళ్ళించాలన్న ఆలోచన చెప్పిన తొలివాళ్ళలో మన ధవళేశ్వరం కట్టిన కాటన్ దొర ఒకడు. అది 19వ శతాబ్దం మధ్య మాట. అప్పటికి గంగ మీద దేశాల గీత లేదు.

1951లో భారత ప్రభుత్వం ఈ పథకం తలపెట్టిందన్న సంగతి తెలిసి పాకిస్తాన్ అభ్యంతరం చెప్పింది. ఇంకా పరిశీలనలోనే ఉందని జవాబు పోయింది. 1961లో పని మొదలైంది. సరిహద్దుకి పది, పదకొండు మైళ్ళ ఎగువన, మాల్దా, ముర్షిదాబాద్ జిల్లాల మధ్య, రెండుంబావు కిలోమీటర్ల పొడవు, 109 ఖానాలు. అక్కణ్ణుంచి భాగీరథిలోకి 38 కిలోమీటర్ల కాలువ. దాని శక్తి 40,000 క్యూసెక్కులు. క్యూసెక్కంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీరు. వర్షాకాలంలో గంగలో లక్షల క్యూసెక్కులు పోతుంటే ఈ నలభై వేలు లెక్కలోకి రావు. ఏప్రిల్ ఆఖర్లో సంగతి వేరు. అప్పుడు ఫరక్కా దగ్గరికి వచ్చేదే యాభై, అరవై వేలు. అందులోంచి నలభై వేలు లాగితే కిందవాడికి మిగిలేదేమిటి? కాలువ శివారున పొలం ఉన్నవాడెవడైనా ఈ లెక్క చెప్పగలడు.

ఈ పథకం మంచిది కాదని మన దేశంలోనే చెప్పినవాడున్నాడు. కపిల్ భట్టాచార్య, పశ్చిమ బెంగాల్ నీటిపారుదల శాఖలో పెద్ద ఇంజనీరు. అడ్డుకట్ట వేస్తే ఎగువన పూడిక పేరుకుంటుంది, బీహారులో, మాల్దాలో వరదలు పెరుగుతాయి, రేవు కూడా బాగుపడదు అని ఆయన లెక్కలు వేసి చూపించాడు. ఆయనకి దొరికిన బిరుదు దేశద్రోహి. పాకిస్తాన్ మేలు కోరేవాడని ముద్ర వేశారు. ఇంజనీరు గతే అదైతే మాల్దా లంక రైతుని పిలిచి అడిగేదెవరు? అడగలేదు. ఢాకాలో మాత్రం అడిగారా అంటే అక్కడా లేదు. 1972లో రెండు దేశాలూ కలిసి ఉమ్మడి నదుల సంఘం పెట్టాయి. అందులో మంత్రులు, అధికార్లు, ఇంజనీర్లు ఉన్నారు.

1975 ఏప్రిల్ 18న తాత్కాలిక ఒప్పందం కుదిరింది. ఆ నెల 21 నుంచి మే 31 దాకా 41 రోజులు, 11,000 నుంచి 16,000 క్యూసెక్కుల దాకా కాలువలోకి వదిలి చూస్తామన్నారు. గడువు అయిపోయింది, నీళ్ళు తీసుకోవడం మాత్రం ఆగలేదు. ఆ ఆగస్టులో ముజిబ్‌ని హత్య చేశారు. కొత్త ఒప్పందం లేకుండానే 1976 ఎండాకాలం వచ్చింది. పద్మలో నీరు పడిపోయింది. పద్మ నుంచి దక్షిణానికి మంచినీరు తీసుకుపోయే గొరాయి నది మూతి దగ్గర ఇసక మేట వేసింది. భేరామారా దగ్గర పద్మలో నీళ్ళు తోడి కుష్తియా, జెస్సోర్ పొలాలకిచ్చే గంగ-కపోతాక్ష ఎత్తిపోతల పంపులకి నీరందలేదు. కింద ఖుల్నాలో ఉప్పునీరు ఏళ్ళలోకి ఎగదన్నింది.

భాషానీ 1976 ఏప్రిల్‌లో ఆస్పత్రి నుంచి బయటికి వచ్చాక, మే 16 లోగా న్యాయం చెయ్యకపోతే ఫరక్కాకి యాత్ర తీస్తానని ప్రకటించాడు. ఇందిరాగాంధీకి ఉత్తరం రాశాడు. ఒకసారి వచ్చి ఉత్తర బెంగాల్ పల్లెల్లో నష్టం కళ్ళారా చూడమని అడిగాడు. ఆమె జవాబు రాసింది. బంగ్లాదేశ్ విముక్తిలో బాధ పంచుకున్నవాళ్ళు తమని ఇంతగా అపార్థం చేసుకోవడం కష్టంగా ఉందన్న ధోరణిలో ఉంది అది. రెండు నెలల నీటి లెక్క కాదు, ఏడాది పొడుగునా సరిపోయే శాశ్వత పరిష్కారం కావాలని ఈయన మళ్ళీ రాశాడు. ఉత్తరాల వల్ల కాలేదు.

రాజ్‌షాహీ మదర్సా మైదానంలో సభ పెట్టి యాత్ర మొదలుపెట్టారు. లక్షలమంది అని కొందరు, వేలమంది అని కొందరు రాశారు. మూటలో అటుకులు, బెల్లం లాంటివి కట్టుకుని వచ్చిన జనం. దారి పొడుగునా ఊళ్ళవాళ్ళు నీళ్ళూ అన్నమూ పెట్టారు. ఆ రాత్రి చాపాయ్ నవాబ్‌గంజ్‌లో మజిలీ చేశారు. అక్కడ మహానంద నది అడ్డం. పడవ పక్కన పడవ కట్టి వంతెన చేసి జనాన్ని దాటించారు. వంతెన కట్టింది ప్రభుత్వ శాఖ కాదు, పడవల వాళ్ళే. భాషాన్ లంకలో గట్టు కట్టిన పద్ధతే ఇదీ. మర్నాడు 17న సరిహద్దు పక్కనున్న కాన్సాట్ చేరారు. మొత్తం నలభై మైళ్ళ పైచిలుకు. అక్కడ సభ పెట్టి యాత్ర ముగించాడు. గీత దాటమని జనాన్ని ఉసిగొల్పలేదు. అవతల మన సరిహద్దు దళాలు సిద్ధంగా ఉన్నాయి. దాటి ఉంటే రక్తం పారేది, నీళ్ళు పారేవి కావు.

దీన్ని నేను ఊరికే పొగడబోవడం లేదు. అప్పుడు ఢాకాలో ఉన్నది సైనిక పాలన. సభలూ ఊరేగింపులూ నిషేధించిన సర్కారు ఈ ఒక్క యాత్రకి దారి వదిలింది, ఎందుకంటే జనం కోపం ఢిల్లీ మీదికి పోవడం దానికి లాభం. మౌలానాకి ఆ సంగతి తెలియదనుకోను. 1972 తరవాత ఆయన భారతదేశం మీద చేసిన ప్రసంగాల్లో మత వాసన కొట్టేవి కూడా ఉన్నాయి. ఇటు చూస్తే మన దేశంలో అత్యవసర పరిస్థితి. ప్రతిపక్ష నాయకులు, రైతు సంఘాల కార్యకర్తలు జైళ్ళలో. పత్రికల మీద సెన్సారు. గంగకి అటూ ఇటూ ఉన్న రైతులకి అదే బ్యారేజి అదే ఏడు చేటు చేస్తుంటే, ఇద్దరూ ఒకరితో ఒకరు ఒక్క మాట చెప్పుకునే వీలు లేదు. కాన్సాట్ నుంచి చూస్తే మాల్దా జిల్లా కూతవేటు దూరం. ఆ జిల్లా రైతుని కూడా కలుపుకున్న యాత్ర అయి ఉంటే దాన్ని దేశానికి దేశానికి తగాదా అని కొట్టెయ్యడం రెండు ప్రభుత్వాలకీ కష్టమయ్యేది.

అయినా అంతవరకూ ఇంజనీర్ల కాయితాల్లో ఉన్న సంగతి ఆ రెండు రోజుల్లో లోకానికి తెలిసింది. ఆ ఏడే బంగ్లాదేశ్ దీన్ని ఐక్యరాజ్య సమితికి తీసుకుపోయింది. నవంబరు 26న సమితిలో రెండు దేశాలూ అంగీకరించిన ప్రకటన వచ్చింది, వెంటనే మంత్రుల స్థాయిలో కలిసి మాట్లాడుకుంటామని. భాషానీ దాన్ని చూడలేదు. నవంబరు 17న ఢాకా ఆస్పత్రిలో చనిపోయాడు. సంతోష్‌లో పాతిపెట్టారు, ఒకప్పుడు జమీందారు ఉండనివ్వని ఊళ్ళో. ఆయన వెనక ఆస్తి లేదు. దశాబ్దాల పాటు మంత్రుల్ని చేసినవాడు తను ఏనాడూ మంత్రి కాలేదు.

మన దేశంలో అత్యవసర పరిస్థితి పోయి జనతా ప్రభుత్వం వచ్చాక 1977 నవంబరు 5న అయిదేళ్ళ ఒప్పందం కుదిరింది. ఏప్రిల్ ఆఖరి పది రోజుల్లో 55,000 క్యూసెక్కులుంటే బంగ్లాదేశ్‌కి 34,500, మనకి 20,500. నీరు ఎంత తగ్గినా బంగ్లాదేశ్‌కి దాని వాటాలో నూటికి 80 వంతులు ఇచ్చి తీరాలన్న పూచీ కూడా అందులో ఉంది. 1982, 1985 ఒడంబడికల్లో ఆ పూచీ పోయింది. 1988 తరవాత అసలు ఒప్పందమే లేదు. చివరికి 1996 డిసెంబరు 12న దేవెగౌడ, షేక్ హసీనా 30 ఏళ్ళ ఒప్పందం మీద సంతకాలు చేశారు. పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు చొరవ అందులో ఉంది. భాషానీ పుట్టినరోజు అని చెప్పుకునేది కూడా డిసెంబరు 12నే. కావాలని పెట్టిన తేదీ అయి ఉండదు.

ఆ ఒప్పందం ప్రకారం జనవరి 1 నుంచి మే 31 దాకా పది రోజులకొక లెక్క. ఫరక్కా దగ్గర 70,000 క్యూసెక్కులూ అంతకు లోపూ ఉంటే చెరి సగం. 70,000 నుంచి 75,000 దాకా బంగ్లాదేశ్‌కి 35,000, తక్కినది మనకి. అది దాటితే మనకి 40,000, తక్కినది వాళ్ళకి. 50,000కి పడిపోతే రెండు ప్రభుత్వాలూ వెంటనే మాట్లాడుకోవాలి. ఫరక్కా దగ్గరా, కింద హార్డింజ్ వంతెన దగ్గరా ఉమ్మడి సంఘం మనుషులు రోజూ కొలతలు తీస్తారు. లెక్క ఉండడం లేకపోవడం కంటే మేలే. రెండు దేశాల మధ్య పారే నదులు 54 ఉంటే, ఇలా దీర్ఘకాలం పంపకం కుదిరింది దీనికొక్కదానికే. కాని ఆ ఉమ్మడి సంఘంలో రైతుకీ జాలరికీ కుర్చీ లేదు. ఎన్ని క్యూసెక్కులు అన్నదే అందులో ప్రశ్న. చేప పైకి పోతుందా, లంక నిలుస్తుందా, ఏట్లో ఉప్పు ఎంత అన్న ప్రశ్నలు లేవు.

చేప సంగతి మన గోదావరి జిల్లాల వాళ్ళకి బాగా తెలుస్తుంది. మనం పులస అనేదాన్నే అక్కడ ఇలిష్ అంటారు. సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి గంగలో ఎదురీదుతూ ఒకప్పుడు అలహాబాదు దాకా పోయేది. ఫరక్కా తలుపుల దగ్గర దాని దారి తెగిపోయింది. బీహారు గంగ ఒడ్డు జాలర్ల వలల్లో ఆ చేప కరువైంది. 2016లో బీహారు ముఖ్యమంత్రి నితీశ్ కుమార్ వరదలకి కారణం ఫరక్కా పూడికేనని, ఆ బ్యారేజినే తీసెయ్యమని అడిగాడు. కపిల్ భట్టాచార్యని దేశద్రోహి అన్న మాట అప్పుడెవరికైనా గుర్తొచ్చిందో లేదో.

ఇక మాల్దా. బ్యారేజి ఎగువన పూడిక పేరుకుని గంగ ఎడమ ఒడ్డుని కోసుకుంటూ వచ్చింది. మాణిక్‌చక్, కాలియాచక్ వైపు ఊళ్ళకి ఊళ్ళు నదిలో కలిశాయి. పంచానందపూర్ ఒకప్పుడు మంచి బజారున్న రేవు ఊరు, దాన్ని నది మింగింది. పొలం పోయినవాళ్ళు గట్టుల మీద గుడిసెలు వేసుకున్నారు, కూలికి దూర రాష్ట్రాలు పట్టారు. ఒడ్డు కోత బాధితులు పౌర సంఘం పెట్టుకుని, నష్టం లెక్క రాయమని, పునరావాసం ఇమ్మని పోరాడుతూ వచ్చారు. ఎడమ ఒడ్డున పోయిన నేల కొన్నాళ్ళకి నది అవతలి పక్క, జార్ఖండ్ వైపు లంకలుగా తేలింది. తమ భూమేనని మాల్దా వాళ్ళు పడవలెక్కి పోయి అక్కడ గుడిసెలు వేశారు, మినుములు చల్లారు. మీరు ఏ రాష్ట్రం వాళ్ళని అధికార్లు అడిగారు. బడి ఎవరు పెట్టాలి, రేషను కార్డు ఎవరివ్వాలి అన్నది రెండు రాష్ట్రాల మధ్య తగువైంది. ఆ లంకల మీద బతికేవాళ్ళలో చాలామంది బెంగాలీ ముస్లిం పేదలు. నూరేళ్ళ కింద ధుబ్రీ లంకలకి చేరినవాళ్ళ లాంటి వాళ్ళే.